గొడుక్కి ఫుల్ టిక్కెట్టు

దర్జీ బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. గొడుక్కి టిక్కెట్టు తీయందే బస్సులో కూర్చోడు. అరటిక్కెట్టు కూడా కాదు, ఫుల్ టిక్కెట్టు!

ఆ రూటుకి కొత్తగా వచ్చిన కండక్టరమ్మ మొదటిరోజు ఇదంతా ఎగతాళి అనుకుంది.

"మూడు కొట్టు తల్లీ. నాకోటి, గొడుక్కోటి, సంచికోటి."

"గొడుక్కెందుకు బాబాయ్?"

"ముప్ఫై ఏళ్ళుగా నా నెత్తి మీద చినుకు పడనివ్వలేదు. దాన్ని దొంగప్రయాణం చేయించమంటావా?"

"మరి సంచికి?"

"గొడుక్కి తీసి దానికి తీయకపోతే మొహం మాడ్చుకుంటుంది."

ఆయన స్టాపులోనే ఎక్కిన ఏడుగురు నూలుమిల్లు ఆడవాళ్ళూ పడీపడీ నవ్వారు. ఆయన గొడుగుని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. పట్నంలో దిగి, బస్‌స్టాండు బల్ల మీద కాసేపు కూర్చుని, అదే బస్సులో తిరిగొచ్చాడు. రోజూ ఇదే వరస. పనీ లేదు, పాటూ లేదు.

ఒకరోజు కళ్ళడాక్టరు దగ్గరికని ఓ ముసలమ్మ వాళ్ళతోపాటే ఎక్కింది. బాబాయ్ పెదాలు కదుపుతూ బస్సంతా ఓసారి కలియజూశాడు.

"ఇవాళ రెండే తల్లీ. సంచికి ఒంట్లో బాలేదు, నా ఒళ్ళో పడుకుంటుంది."

కండక్టరమ్మ నెత్తి కొట్టుకుంది.

ఒకప్పుడు బాబాయ్ ఊళ్ళో మూడొందల గడప. ఇప్పుడు తాళం పడని ఇళ్ళు నలభై. నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాళ్ళు మోటారుసైకిళ్ళు కొనుక్కుని బస్సు మొహం చూడటం మానేశారు. పని దొరకనివాళ్ళు మూటాముల్లె సర్దుకుని పోయారు. నిరుడు బడీ మూతబడింది. ఈ ఏడుగురి జీతాల మీదే ఆ నలభైలో సగం ఇళ్ళ పొయ్యిలు వెలుగుతున్నాయి.

నెలాఖరున డిపో గుమాస్తా అన్నాడు: "నీ స్టాపు భలే గట్టిదమ్మా! పది టిక్కెట్లకి తగ్గితే పొద్దుటి ట్రిప్పు ఎత్తేయమని ఏడాది కిందటే ఆర్డరొచ్చింది. చిత్రమేంటంటే అప్పట్నుంచీ రోజూ సరిగ్గా పదే!"

కండక్టరమ్మ అక్కడే వేళ్ళు మడిచింది. ఏడుగురు. బాబాయ్. గొడుగు. సంచి. ఇన్నాళ్ళూ అది వట్టి పిచ్చి అనుకున్నందుకు ఆమెకి చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు బస్‌స్టాండు బల్ల దగ్గర ఆయన పక్కన కూలబడింది.

"నీ గొడుగు గుట్టు తెలిసిపోయింది బాబాయ్."

ఆయన గొడుగుని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఊరొదిలి పోయిన ప్రతివాడికీ కొత్తబట్టలు కుట్టింది నేనే తల్లీ. కొత్తచోటికి చిరుగుబట్టల్తో పోతే ఎవరు లెక్కచేస్తారని అందరూ నా దగ్గరికే వచ్చారు. ఊరు ఖాళీ అయ్యేకొద్దీ నా జేబు నిండింది. ఆ డబ్బు ముట్టుకుంటే చెయ్యి కాలినట్టుంటుంది. బస్సు పోతే ఈ ఏడుగురూ కొలతలివ్వడానికి వస్తారు. ఇంక నా వల్ల కాదు." అంతలోనే కళ్ళెర్రజేశాడు. "వాళ్ళకి గానీ చెప్పావో, గొడుగు నీతో మాట్లాడదు!"

వానలు మొదలైన వారానికి బాబాయ్ స్టాపులో కనబడలేదు. ఏడుగురూ ఎక్కారు. పెద్దామె చేతిలో గొడుగు ఉంది. దాని పిడికి గుడ్డలో కట్టిన డబ్బులున్నాయి.

"ఆయనకి జ్వరం. అయినా గొడుగు మాత్రం ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకూడదట! మూడు టిక్కెట్లు కొట్టమన్నాడు. పిచ్చి మారాజు!"

అందరూ ఘొల్లుమన్నారు. కండక్టరమ్మ నవ్వలేదు. ముడి విప్పకుండానే ఆ మూట పెద్దామె చేతిలో పెట్టింది.

"మందులకి ఉంచుకోమను." తన పర్సు తీసింది. "గొడుక్కోటి. నా క్యారియర్‌కోటి..."

ఇంకొకటి తక్కువైంది. ఆమె అటూ ఇటూ చూసింది.

ఆ రూటులో పన్నెండేళ్ళుగా ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడని డ్రైవరు, వెనక్కి తిరక్కుండానే ఓ నోటు చాపాడు.

"నా చెప్పులకో టిక్కెట్టు కొట్టమ్మా. ఫుల్."

"ఓరి నాయనో, ఈ పిచ్చి అంటుకుంటుందా ఏంటి!" అంది పెద్దామె, గొడుగుని కిటికీ పక్కన సర్ది కూర్చోబెడుతూ.