సిరిసిల్ల బస్సులో ఒంటె వైద్యం

మాది భీమవరం. కోరుట్లలో పశువైద్యం చదివే రోజుల్లో ఒకసారి సిరిసిల్ల బస్సెక్కాను. నా పుస్తకం చూసి పక్క సీటామె, "బర్రెల డాక్టర్ చదువుతున్నవా బిడ్డా? జర మా ఆయనతోని మాట్లాడు" అంటూ వీడియో కాల్ కలిపింది. మరమగ్గం పని దొరక్క సౌదీ పోయిన ఆయన అక్కడ ఒంటెలు కాస్తున్నాడు.

"మేడం, ఒంటెకు కడుపుబ్బింది. గిది సస్తే సేఠ్ నన్ను బతకనియ్యడు."

నేను పుస్తకంలో తప్ప ఒంటెను చూడలేదు. గేదెకు చెప్పినట్టే నూనె తాగించి నడిపించమన్నాను. ముందూ వెనకా సీట్లవాళ్లంతా ఫోన్ మీదికి వంగారు. వేములవాడ దాటాక మళ్లీ ఫోనొచ్చింది. ఒంటె తేన్చిందట! బస్సంతా చప్పట్లు.

ఆమె ఫోన్ లాక్కుంది. "పొద్దుగాల్నుంచి ఒంటె ముచ్చటే. నేనెట్లున్ననో అడిగినవా?"

ఆయన నవ్వి, మెల్లగా "ఎట్లున్నవే?" అన్నాడు.

ఒక్కసారిగా బస్సంతా కిటికీల్లోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.