బియ్యం డబ్బాలో లెన్సు

మా సామర్లకోట ఫోటోల గ్రూపులో నా దగ్గరున్నంత మంచి లెన్సు ఇంకెవరి దగ్గరా లేదు. ఈ మాట నేనే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఇంకెవరూ చెప్పరు కనక. శాంతికుమార్ గారి ఫోటోల గురించైతే అడక్కపోయినా చెబుతారు. ఐదేళ్లుగా నా కడుపుమంటంతా అదే.

ఆయన పంచదార ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. చెరుకు లారీ వచ్చి కాటా మీద నిలబడితే బరువు చూసి చీటీ రాసిస్తారు. ముప్పై ఏళ్ల నించి అదే కుర్చీ, అదే కిటికీ. పొట్టి మనిషి, వదులు చొక్కా. కెమెరాని క్యారేజీ సంచిలో పెట్టుకుని తిరుగుతారు. అందులోనే మజ్జిగ సీసా కూడా ఉంటుంది. కెమెరా పక్కన మజ్జిగేంటండీ అని నేను అరిస్తే, "మూత గట్టిదేనండి" అంటారు. అంతకు మించి ఎవరితోనూ వాదించిన మనిషి కాదు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో వెనక బెంచీ, మిగతా రోజులు కాటా గది, నెలకోసారి మా గ్రూపు. అంతే ఆయన లోకం.

నా సంగతీ చెప్పాలి. పేరు సత్యప్రసాద్. కాకినాడ ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుని, రోజూ సామర్లకోట నించి వెళ్లొస్తాను. ఫైల్లో తప్పు పట్టడానికే ప్రభుత్వం నాకు జీతమిస్తోంది. ఆ అలవాటు ఇంట్లోనూ పోదు, గ్రూపులోనూ పోదు.

గ్రూపంటే పదకొండుమందిమి. రెండో శనివారం డ్రాయింగు టీచరు హారతి గారి ట్యూషన్ సెంటరు మేడ మీద కూర్చుంటాం. తలో ఫోటో ఆవిడకి ముందే పంపిస్తాం. ఆవిడ పేరు చెప్పకుండా ఒక్కోటీ పెద్ద టీవీలో వేస్తారు. అందరూ వరసగా మంచీ చెడూ చెప్పాలి. తీసిన మనిషి మాత్రం నోరెత్తకూడదు. అందరి మాటా అయ్యాకే పేరు బయటికొస్తుంది. గ్రూపు మొదలుపెట్టినవాణ్ణని మొదటి మాట నాకిచ్చారు. నా మాట అయ్యేసరికి కొంతమంది మంచినీళ్లు అడిగేవారు.

శాంతికుమార్ గారి ఫోటోకి మాత్రం పేరు చెప్పక్కర్లేదు. చెరుకు లోడు మీద నిద్రపోతున్న క్లీనరు, స్టేషన్ బయట టీ వడపోస్తున్న ముసలావిడ. వెలుగంతా మెత్తగా, అంచులు కరిగినట్టు, మనిషి చుట్టూ తెల్లటి పొగలా ఉంటుంది. హారతి గారు దానికి 'శాంతికుమార్ గారి వెన్నెల' అని పేరు పెట్టారు. పట్టపగలు తీసినదానికి వెన్నెలేంటండీ అని నేనొక్కణ్ణే గొణిగేవాణ్ణి. ఏ లెన్సండీ అని అడిగితే, "పాత యాభై ఎమ్మెమ్ లెన్సండి. సెకండ్‌హ్యాండులో కొన్నాను" అనేవారు.

నేనా, ఆ వెన్నెల కోసం మూడు లెన్సులు మార్చాను. చివరికి కొన్న ఎనభై ఐదు ఎమ్మెమ్ లెన్సు ఎంతయిందో మా ఆవిడ మాణిక్యానికి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఆ లెన్సుతో తీస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. తెచ్చిన రోజే మాణిక్యాన్ని కూర్చోబెట్టాను. నేను కెమెరా ఎత్తితే చాలు, ఆవిడ ఆధార్ కార్డు మొహం పెడుతుంది. తల ఇటు తిప్పు, గడ్డం దించు, నవ్వు, అంత కాదు అని నేను చెబుతూ ఉండగానే పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు, నాకు తెలుసు.

మొన్న ఫిబ్రవరిలో నాకో ఉపాయం తట్టింది. మా అందరివీ ఒకే కంపెనీ కెమెరాలు కాబట్టి ఒకరి లెన్సు ఒకరికి సరిపోతుంది. "ఒక్క నెల లెన్సులు మార్చుకుందామండీ, చీటీలు వేసి జతలు కడదాం" అని గొప్పగా ప్రతిపాదించాను. హారతి గారిని వదిలేస్తే సరిగ్గా పదిమందిమి, అందరూ సరేనన్నారు. చీటీలు నేనే రాశాను. శాంతికుమార్ గారి పేరున్న చీటీకి మూల కొంచెం మడిచాను. మొదటి చీటీ కూడా నేనే తీశాను. ఇంకేం, ఆయన యాభై నా చేతికొచ్చింది. నా ఎనభై ఐదు ఆయన సంచిలోకి, మజ్జిగ సీసా పక్కకి వెళ్లింది. అదొక్కదానికే ప్రాణం ఉసూరుమంది.

ఇంటికి పట్టుకెళ్లే ముందు మూత తీస్తే లెన్సు తవుడు వాసనేసింది. ఇదేంటండీ అన్నాను.

"బియ్యం డబ్బాలో దాస్తానండి. తడిసిన ఫోను బియ్యంలో పెడితే ఆరుతుంది కదండి, అలాగే దీనికీ చెమ్మ పట్టదని. మా ఆవిడ ఏసమ్మ బియ్యం కొలిచినప్పుడల్లా ఇది సోలకి తగిలి నన్ను తిడుతుంది" అన్నారు.

పది రోజులు ఆ లెన్సుతో తిరిగాను. పిఠాపురంలో గుడి ముందు పూలమ్మేవాళ్లని తీశాను, ఉప్పాడలో వల బాగుచేసుకునేవాళ్లని తీశాను. ఏది తీసినా తుడవని బస్సు అద్దంలోంచి చూసినట్టే వచ్చింది. వెన్నెల లేదు, పాడూ లేదు. నా చేతిలోనే లోపముందేమోనని రెండు రాత్రులు నిద్ర కూడా పట్టలేదు. ఆఖరికి కాకినాడలో యుగంధర్ దగ్గరికి పట్టుకెళ్లాను. అతను మా గ్రూపువాడే, కెమెరాలు బాగుచేసే షాపుంది.

యుగంధర్ లెన్సులోకి టార్చి వేసి, "చూడండి" అన్నాడు. అద్దం లోపల అంచు నించి మధ్య దాకా తెల్లటి పోగులు అల్లుకుని ఉన్నాయి.

"బూజండి. ఏళ్లనాటిది. ఎక్కడ పెడతారు దీన్ని?"

చెప్పాను. అతను చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టి మరీ నవ్వాడు. "మన ఊళ్ల బియ్యంలో చెమ్మ ఎంత ఉంటుందండీ! కొత్త బియ్యంలో పెట్టి మూత బిగిస్తే, బూజుకి అన్నం పెట్టి పెంచినట్టే."

నాకు పండగైపోయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ప్రమోషను వచ్చినప్పుడు కూడా అంత సంతోషపడలేదు. ఆ షాపులోనే నిలబడి బూజుని ఫోనుతో ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. 'శాంతికుమార్ గారి వెన్నెల రహస్యం తేలింది' అని కింద రాశాను కూడా. కాకినాడ నించి ఇంటికొచ్చేలోపు తొమ్మిదిమంది పళ్లికిలించిన బొమ్మలు పెట్టేశారు.

సాయంత్రం ఆయన ఫోను చేశారు.

"సత్యప్రసాద్ గారూ, నిజమేనాండి?"

"నిజమేనండి. బూజే."

వెనకాల లారీ హారను వినిపించింది.

"కాటా దగ్గర బరువు సరిగ్గా చూస్తే శభాషని ఎవరూ అనరండి. తప్పు చూస్తేనే పిలుస్తారు. నా సర్వీసు మొత్తంలో నన్ను బాగా చేశావన్నది మీ గ్రూపొక్కటే. రెండో శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. ఇప్పుడు చూస్తే మీరంతా మెచ్చుకుంది బూజునండి, నన్ను కాదు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను, ఆయనే మళ్లీ అందుకున్నారు.

"మీ లెన్సు నా దగ్గరుంది కదండి. దాంతో ఒక్క ఫోటో తీసి పెడతాను. బూజు లేకుండా నాకేమైనా వచ్చో రాదో తేలిపోతుంది. రాదనుకోండి, ఇంక నేను రానండి. ఊరికే ఒక కుర్చీ ఆక్రమించడమెందుకు?"

"చీటీ మూల నేనే మడిచానండి" అన్నాను. ఎందుకన్నానో తెలీదు, నోట్లోంచి వచ్చేసింది.

"చూశానండి. లోడు తూచేటప్పుడు క్లీనరు కాటా మీద నించుంటే పట్టుకునే ఉద్యోగం నాది, మడత కనపడదాండి? పోనీలెండి, అంత ముచ్చటపడుతున్నారు కదా అనుకున్నాను."

ఫోను పెట్టేశాక గ్రూపులో పెట్టింది తీసేశాను. తీసేస్తే మాత్రం ఏం లాభం, చెయ్యాల్సిన నష్టం చేసేశాక! యాభై ఏడేళ్లొచ్చాయి, ఒక మంచి మనిషికి ఉన్న ఒకే ఒక్క సంతోషాన్ని నవ్వులపాలు చేశాను. ఆయన రావడం మానేస్తే ఆ గ్రూపులో కూర్చుని నేను ఎవరి మొహం చూడాలి? ఆ రెండు వారాలూ నాకు అన్నం సయించలేదు. మాణిక్యం చేసిన కూరలకి వంక పెట్టడం కూడా మర్చిపోయాను. ఒంట్లో బాలేదేమోనని ఆవిడ నుదురు పట్టుకు చూసింది.

మధ్యలో ఒక ఆదివారం నేను ఉప్పాడ వెళ్లొచ్చేసరికి మాణిక్యం చెప్పింది. "శాంతికుమార్ గారొచ్చారండి. మీ లెన్సు పక్కన ఏదో మీట ఉందట, అది నొక్కాలో వద్దో అడుగుదామని. మీరు లేరన్నాను. టీ తాగి వెళ్లారు."

"ఏమన్నారు?"

"ఏమంటారు, మంచివాడు పాపం" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మార్చి రెండో శనివారం వచ్చింది. శాంతికుమార్ గారు తలుపు పక్కన ఆఖరి కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. లేచి వెళ్లిపోవడానికి వీలుగా అక్కడ కూర్చున్నారని నాకు అనిపించింది. నాలుగో ఫోటో నాది, ఆ యాభైతో తీసిన పూలమ్మాయి. తీసిన మనిషి నోరెత్తకూడదు గానీ, మొదటి మాట నాది కాబట్టి ఊరుకుంటే దొరికిపోతాను. అందుకే నియమం తప్పి నా ఫోటోని నేనే తిట్టుకున్నాను. తరవాత మిగతావాళ్లు నన్ను మించిపోయారు. కళ్లజోడు తుడుచుకోకుండా చూసినట్టుందని ఒకరు, మంచు కురుస్తోందా అని ఒకరు. బూజు ఉంటే సరిపోదన్నమాట అని నాకు తెలిసొచ్చింది. చెబితే నమ్మరు గానీ, తిట్లు తింటూ మనసులో సంతోషించాను.

ఏడో ఫోటో పడింది.

ఎవరిదో పెరడు. పీట మీద ఒక ఆడమనిషి, ముందు గోంగూర కట్టలు, ఒళ్లో చేట. ఒక చేతిలో సగం దూసిన కాడ అలాగే ఆగిపోయింది. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని విరగబడి నవ్వుతోంది. వెన్నెలా లేదు, పొగా లేదు. మెడ మీద చెమట, మొహం మీద ముడతలు, పక్క పన్ను ఊడిన ఖాళీ, అన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఆ నవ్వు చూస్తే ఎందుకో తెలీకుండానే మనకీ నవ్వొస్తుంది.

హారతి గారు నా వైపు చూశారు.

"మనిషి బావుందండి" అని మొదలుపెట్టాను అలవాటుగా. "కాకపోతే వెనకాల తాడు మీద ఆ గళ్ల తువ్వాలు అనవసరం. కంటికి అడ్డం..."

అక్కడ ఆగిపోయాను. ఆ తువ్వాలు నాది.

పెరడు మాది. పీట మాది. ముప్పై ఒక్క ఏళ్ల నించి కాపురం చేస్తున్న నా భార్యని నేను మొహం చూసి పోల్చుకోలేదు, తువ్వాలు చూసి పోల్చుకున్నాను. ఆవిడ అలా నవ్వుతుందని నాకు తెలిస్తే కదా పోల్చుకోడానికి! పన్ను ఊడిన దగ్గర్నించీ నా ముందు పెదాలు బిగించి నవ్వుతోందన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చెప్పండి సత్యప్రసాద్ గారూ" అన్నారు హారతి గారు.

"ఏమీ లేదండి. తప్పేమీ లేదు. తువ్వాలు కూడా ఉండాలి."

నా నోట ఆ మాట విని తొమ్మిది తలలు నా వైపు తిరిగాయి. పదో తల మాత్రం సంచిలోకి చూస్తోంది. తరవాత యుగంధర్ వంతు. "దీనికి పేరు చెప్పక్కర్లేదండి. ఎదురుగా కెమెరా ఉందని ఆవిడ మర్చిపోయారు చూడండి. అది శాంతికుమార్ గారి దగ్గరే జరుగుతుంది. ఆ క్లీనరూ, టీ ముసలావిడా అంతే కదా. మనం ఇన్నాళ్లూ బూజుని చూసి వెన్నెలనుకున్నాం" అన్నాడు. వరసగా అందరూ అదే మాటన్నారు. హారతి గారు పేరు చదివేదాకా శాంతికుమార్ గారు గ్రూపు నియమం తప్పలేదు, తల ఎత్తలేదు. చదివాక జేబురుమాలు తీసి మొహమంతా గట్టిగా తుడుచుకున్నారు.

"ఆవిడ నా భార్యండి" అన్నాను అందరితో. "శాంతికుమార్ గారూ, ఎలా నవ్వించారండీ? నేను ఇన్నేళ్లుగా నవ్వమంటున్నాను."

ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "వద్దులెండి."

"చెప్పాలండి."

"నేను నవ్వమనలేదండి. మీరు లేరంటే, కూర్చుని ఆవిడతో పాటు గోంగూర దూశాను. ఒక గంట. మాటల్లో మీరు వంటకి ఎలా వంకలు పెడతారో ఆవిడ చేసి చూపించారు. అచ్చం మీ గొంతేనండి. 'పులుసులో లోతు లేదు మాణిక్యం, బెండకాయ ఫోకస్ తప్పింది' అని అన్నారు. అనేసి ఆవిడకే నవ్వాగలేదు. అప్పుడు ఒకటి తీశాను."

మేడంతా ఘొల్లుమంది. కాసేపు బిగుసుకున్నాను గానీ, బెండకాయ మాట నేను నిజంగానే అన్నానని గుర్తొచ్చి నాకూ నవ్వాగలేదు.

"వచ్చే నెల వస్తారు కదండీ?" అన్నాను.

"యుగంధర్ గారు ఆ లెన్సు శుభ్రం చేసిస్తే వస్తానండి."

"రేపే చేసిస్తాను. మళ్లీ బియ్యంలో పెడితే మాత్రం ఏసమ్మ గారితో చెబుతాను" అన్నాడు యుగంధర్.

ఇప్పుడు ఆ ఫోటో పెద్దది చేయించి మా హాల్లో తగిలించాను. నేను తీసిన కొంగలూ సూర్యాస్తమయాలూ దించేస్తే గానీ గోడ మీద చోటు దొరకలేదు. మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాని ముందు ఆగిపోతారు. "అబ్బ, ఎంత బాగా తీశారండీ" అంటారు నాతో. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతుంది. నేనేం చెబుతానా అని మాణిక్యం వింటోందని నాకు తెలుసు.

"నేను కాదండి. శాంతికుమార్ గారని కాటా గుమాస్తా, ఆయన తీశారు. నాకు ముప్పై ఒక్క ఏళ్లలో చేతకాలేదు" అని గట్టిగానే చెబుతాను.