మూడు కాళ్ల మేస్త్రి, నాకొచ్చిన మెమో

మా పశుసంవర్ధక శాఖ విశ్రాంత ఉద్యోగులు ఏటా ఒక సంచిక వేస్తారు. అందులో డాక్టర్లు తమ అనుభవాలు రాస్తారు. నేను రిటైరైన నాటినుంచీ ప్రతి ఏడూ ఒక వ్యాసం పంపుతూనే ఉన్నాను. ఒక ఏడాది స్థలాభావం అన్నారు. అదే సంచికలో ఒక డాక్టరుగారి కాశీయాత్ర పదకొండు పేజీలు సాగింది, ఫోటోలతో సహా. ఇంకో ఏడాది వ్యాసమే అందలేదన్నారు. రిజిస్టరు పోస్టు రసీదు నా దగ్గర భద్రంగా ఉంది, ఎవరికైనా కావాలంటే చూపిస్తాను. ఈసారి డాక్టర్లెవరూ రాయలేదట, పేజీలు మిగిలిపోయాయట. ఏదన్నా ఉంటే పంపమని ఫోన్ చేశారు. ఏదన్నా ఉంది. ఇదే అది.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మిరపకోతలు ముగిసిన వేసవిలో, నన్ను పల్నాడులోని ఒక పెద్ద పశువైద్యశాలకు బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. రాస్తే మళ్లీ స్థలాభావం రావచ్చు. నా హోదా జూనియర్ వెటర్నరీ ఆఫీసర్. ముప్పై ఏళ్ల సర్వీసు దాటాక కూడా జూనియరే. చివర ఆఫీసరని ఉంది గదా అని ఎవరూ పొరబడకూడదు. పశువైద్య పట్టా లేనివాడు చట్టప్రకారం చేయదగినవి చిన్న సేవలే: కట్టు కట్టడం, టీకా వేయడం, డాక్టరు రాసిన సూది పొడవడం. అవైనా డాక్టరుగారి పర్యవేక్షణలోనే. జనానికి ఈ గొడవంతా అక్కర్లేదు, మమ్మల్ని కాంపౌండర్లంటారు. మా పైన ఏడీగారు, అంటే అసిస్టెంట్ డైరెక్టర్. శస్త్రచికిత్సలో పెద్ద చదువు చదివినవారు. ఆయన చెయ్యి మంచిది. ఆ మాట నేను అందరి ముందూ అనేవాణ్ని. నా చెయ్యి గురించి ఆయన ఎవరి ముందూ ఏమీ అనలేదు, అంతే తేడా.

చేరిన రెండో వారంలో మాచర్ల వైపునుంచి ట్రక్కు ఆటోలో ఒక కుక్కను తెచ్చారు. రాజపాళయం పోలికలున్న సంకరజాతి, దూడంత ఉంది. కాటా మీద నలభై ఎనిమిది కిలోలు తూగింది. యజమాని కోటయ్యకు నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. నిలబెట్టిన బండల వరస జారి కుక్క ముందరి ఎడమకాలు మీద పడింది. దాని పేరు మేస్త్రి. పొద్దున గేటు దగ్గర నిలబడి, వచ్చే పనివాళ్లను ఒక్కొక్కరినే వాసన చూసి లోపలికి పంపేదట. ఆ పేరు పెట్టింది కూడా పనివాళ్లే.

కాలు దక్కదని తేలాక ఏడీగారు భుజం దగ్గరికంటా తీసేశారు. సగంలో తీస్తే మిగిలిన మోడు నేలకు రాసుకుని పుండు పడుతుంది. మత్తు కనిపెట్టుకుని ఉన్నదీ, రక్తనాళాలు ముడివేసేటప్పుడు ఫోర్‌సెప్స్ పట్టుకున్నదీ నేను. మూడో రోజున ఆసుపత్రి వెనక గరుకు సిమెంటు నేల మీద, ఛాతీ కింద దుప్పటి పట్టీ వేసి పైకి పట్టుకుంటే, మేస్త్రి లేచి నాలుగు గెంతులు వేసింది. బాగుందని ఇంటికి పంపారు. పన్నెండో రోజు కుట్లు విప్పడానికి రమ్మన్నారు.

ఆరో రోజు కోటయ్య ఫోన్ చేశాడు. కుక్క లేవడం లేదు. పక్కన పెడితే తింటోంది, పడుకున్నచోటే అన్నీ కానిస్తోంది, లేపబోతే వణుకుతోంది. ఏడీగారు కుర్చీలోంచి కదలకుండా రోగం కనిపెట్టేశారు. దిగులట. కాలు పోయిందని కుక్కకు దిగులు పట్టిందట. దిగులుకు ఒక టానిక్కు చెప్పారు, నేను చీటీ రాశాను. ఎనిమిదో రోజు శనివారం మళ్లీ ఫోన్ మోగితే నేనెత్తాను.

"ఏంది కాంపౌండరుగారూ ఇది? పొట్టకింద పుండ్లు లేస్తన్నయ్. కుట్లిప్పే రోజుకు లేవకపోతే సూదేసి పంపించమని పెద్దసారుకు చెప్పు. దాన్నట్టా చూళ్లేకపోతన్నా."

పంపించడమంటే ఎక్కడికో నాకు అర్థమైంది. ఏడీగారికి చెప్పాను. యజమాని రాతపూర్వకంగా అడిగితే ఆలోచిద్దామన్నారు. వెళ్లి చూసొస్తానంటే, మాచర్ల మన పరిధి కాదన్నారు. ఆదివారం నాకు ఎవరి పరిధీ ఉండదు. సొంత బండి మీద వెళ్లాను.

కోటయ్య ఇల్లు యూనిట్ ఆవరణలోనే ఉంది. మేస్త్రి పుట్టినప్పటినుంచీ బతికింది ఆవరణలో, మట్టిలో, రాతిపొడిలో. ఇప్పుడు మాత్రం ప్రేమకొద్దీ దాన్ని ఇంటి ముందరి గదిలోకి మార్చారు. అది మామూలు గది కాదు. కొనేవాళ్లకు పాలిష్ పనితనం చూపించేది అక్కడే. నేల మీద మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ నేల నడిమధ్యలో నలభై ఎనిమిది కిలోల కుక్క.

పట్టీ వేసి లేపి చూశాను. వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారాయి, ఉన్న ఒక్క ముందుకాలు ఎదరకు జారింది, గడ్డం ఠపీమని బండకు కొట్టుకుంది. వణుకు ఎందుకో తెలిసిపోయింది. కుక్క బరువులో ఎక్కువ భాగం మోసేవి ముందుకాళ్లు. ఆ భారమంతా ఇప్పుడు ఒక్క కాలు మీద పడింది, ఆ కాలు అద్దం మీద ఉంది. దిగులు సంగతి టానిక్కు చూసుకుంటుందేమోగానీ, ఈ నేలను ఏ టానిక్కూ ఏమీ చేయలేదు.

నేల జారుతోందని చెబితే కోటయ్య మొహం మాడిపోయింది.

"నా రాయికి వంక పెడతన్నావా? ఇరవయ్యేళ్లల్లో నా బండ మీద జారిపడ్డానని ఒక్కడు రాలా."

"గుమ్మంలోంచి ఇక్కడికి రావటానికి నేనే రెండుసార్లు జారాను కోటయ్యా."

"నీకు నడక రాకపోతే రాయేం చేస్తది?"

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య తిరుపతమ్మ అందుకుంది. "మీ అమ్మ తుంటి ఎక్కడ ఇరిగిందో కూడా చెప్పు అన్నయ్యకు. ఆమెకీ నడక రాదు పాపం."

 నేను చెప్పాల్సినవి చెప్పాను. కుక్క పడుకున్నచోటినుంచి పెరటి గుమ్మం దాకా గోనెలు పరవాలి, అక్కడనుంచి మట్టే. గిన్నె ఎత్తు మీద పెట్టాలి, కిందికి వంగితే ముందుకు తూలి పడుతుంది. జాలిపడి పెట్టే మాంసం, పెరుగన్నం సగానికి తగ్గించాలి, పెరిగే ప్రతి కిలో ఆ ఒక్క కాలే మోయాలి. గోళ్లు, అరికాలి దిండ్ల మధ్య వెంట్రుకలు కత్తిరిస్తే నేల పట్టు దొరుకుతుందని కత్తెర తీశాను. మూడు పాదాల్లో ఒకటి పూర్తయ్యేసరికి మేస్త్రి నా చొక్కా చెయ్యి చింపింది. మిగతావి తర్వాత చూద్దామని బయల్దేరాను.

గోనెలు పరవమన్నాను. ఏ గోనెలో చెప్పలేదు. తప్పు అక్కడ జరిగింది, అది నాదే. నేనెక్కణ్నుంచో వచ్చినవాణ్ని కూడా కాదు, ఎడ్లపాడు దగ్గర మిరప పండించే ఇంట్లో పుట్టాను. ఆ నెలల్లో మా వైపు ఏ ఇంట్లోనైనా ఉండే గోనెలు మిరపకాయలు నింపే టిక్కీలేనని నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తిరుపతమ్మ వాటిని శుభ్రంగా దులిపే పరిచింది. చిన్నప్పటినుంచీ కల్లాల్లో వాటిమీదే పడుకుని నిద్రపోయిన మనిషి, ఆమె కంటికి అందులో దుమ్మేమీ లేదు. ఇల్లంతా తుమ్ముతున్నా ఎవరికీ అనుమానం రాలేదు. మిరప రోజుల్లో మా పల్నాటిలో తుమ్మనివాణ్ని చూసే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

సోమవారం మధ్యాహ్నానికి కుక్క మళ్లీ ఆసుపత్రిలో ఉంది. కళ్లు వాచి మూసుకుపోయాయి, ముక్కు కారుతోంది, గాయం చుట్టూ ఎర్రగా కందింది. సెలైన్‌తో గంటసేపు కడిగాను. కుట్లు నిలిచాయి. ఇదెవరి సలహా అని ఏడీగారు అడిగితే, కోటయ్య ఏ కల్మషం లేకుండా, మీ కాంపౌండరుగారే పరవమన్నాడని చెప్పాడు. అప్పటికప్పుడే ఒక కాయితం కూడా రాసిచ్చాడు, బుధవారానికి లేవకపోతే సూది వేయమని. ఏడీగారు దాని మీద సంతకం పెట్టి కుక్కను ఇంటికి పంపారు. ఆ పెన్నుతోనే సాయంత్రానికి నాకు మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడుగుతూ ఇచ్చే కాయితం, దాని నకలు సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది. హోదాకు మించి, అనుమతి లేకుండా, శస్త్రచికిత్స జరిగిన జంతువుకు చికిత్స సూచించి ప్రాణాపాయం కలిగించినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో తెలపమన్నారు. ఏ గోనె అని చెప్పకపోవడం నా పొరపాటని రాసిచ్చాను. చికిత్స చేశానని మాత్రం ఒప్పుకోలేదు.

మిగిలింది మంగళవారం ఒక్కటే. సొంత పని అని సెలవు చీటీ పెట్టాను. నాకు సొంత పనులుంటాయని ఎవరూ అనుకోరు కాబట్టి ప్రశ్న లేకుండా మంజూరైంది.

మాచర్ల బజారులో ఒక కిరాణా కొట్టుకు వెళ్లి బియ్యం వచ్చిన జనపగోనెలు అడిగాను. ఎరువుల సంచులు, సిమెంటు సంచులు పనికిరావు, అవి ప్లాస్టిక్కువి, బండకంటే ఎక్కువ జారతాయి. ఒక్కో గోనెలో తల దూర్చి వాసన చూసి మంచివి పక్కన పెడుతుంటే కొట్టాయన చాలాసేపు ఓపిక పట్టాడు.

"గోనెలు కొనేవాళ్లను చానామందిని చూశాగానీ, వాసన చూసేవాణ్ని నిన్నే చూస్తన్నా."

విడివిడిగా పరిస్తే గోనె కూడా నునుపు మీద జారుతుంది. అందుకని దబ్బనం, పురికొస తీసుకుని అన్నింటినీ ఒకే పట్టాగా కుట్టాను. తిరుపతమ్మ అవతలి కొసనుంచి కుట్టుకొచ్చింది. రెండు పక్కలా అదిమి ఉంచడానికి బరువులు కావాలన్నాను. కోటయ్య నా మొహం చూడకుండానే తన బండల ముక్కలు మోసుకొచ్చి పేర్చాడు. ముందరి గదినుంచి పెరటి మట్టిదాకా దారి సిద్ధమైంది.

మేస్త్రి లేవలేదు. పట్టీ వేసి లేపితే నిలబడింది, వదిలితే కూలబడింది. ఆరు రోజులు అద్దం మీద, ఒక రోజు కారం మీద పడినదానికి మూడో రకం నేల మీద నమ్మకం ఎందుకుంటుంది? మధ్యాహ్నం తిరిగింది. కోటయ్య అరుగు మీద కూర్చుని, కాయితం ఇచ్చేశానుగదా, రేపు పొద్దున్నే ఆటో మాట్లాడానని అన్నాడు.

నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. ఆదివారం వదిలేసిన రెండు పాదాల పనైనా పూర్తిచేద్దామని కత్తెర తీసి దగ్గరికి జరిగాను. మేస్త్రి కత్తెరను చూసింది, నన్ను చూసింది, పళ్లు బయటపెట్టింది. తర్వాత లేచింది. పట్టీ లేదు, పట్టుకున్నవాళ్లు లేరు. ఒక గెంతు నామీదికి వేసింది. నేను పట్టా మీదుగా వెనక్కి నడిచాను, అది పట్టా మీదుగానే వెంటపడింది. మూడుకాళ్ల జంతువుకు నెమ్మదిగా నడవడం కష్టం, ఊపు మీద వెళ్లడమే తేలిక అని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నాకు మేస్త్రి చెప్పింది. పెరటి గుమ్మం దాటి, మట్టి మీద నిలదొక్కుకుని, నేను గేటు బయటికి పోయేదాకా చూసి, పాలిష్ పట్టి అమ్మకానికి పెట్టిన బండల మీద తీరిగ్గా మూత్రం పోసింది. కోటయ్య బకెట్టెడు నీళ్లు తెచ్చి ఆ బండలు తనే కడిగాడు.

"రేపు కూడా రా అన్నయ్యా," అంది తిరుపతమ్మ. "నిన్ను కరవటానికన్నా లేస్తది."

బుధవారం మేస్త్రి ఆటోలోనుంచి దింపించుకుని ఆసుపత్రి మెట్టు దాకా తనంతట తానే వచ్చింది. కోటయ్య తన కాయితం అడిగి తీసుకుని చించేశాడు. ఏడీగారు కుట్లు విప్పి, కేసు రిజిస్టరులో నయమైంది అని రాసి మూసేశారు. మా శాఖ లెక్కలో రోగి కుట్టు వేసినప్పుడు పుట్టి, కుట్టు విప్పినప్పుడు నయమైపోతాడు. నేను ఆ తర్వాత మూడు నెలల ఆదివారాలు వెళ్లాను. రోజుకు ఒక పెద్ద నడక బదులు అయిదారు చిన్న నడకలు, మెట్లు దిగేటప్పుడు పట్టీ, ఉన్న కాలు మణికట్టు వాస్తే ఆ రోజు విశ్రాంతి. ఆరు కిలోలు తగ్గించాం. వానలు పడేసరికి మేస్త్రి గేటు దగ్గర డ్యూటీలో ఉంది. నన్ను మాత్రం చివరిదాకా లోపలికి సరిగ్గా రానివ్వలేదు. ఆ విషయంలో దానికీ మా శాఖకూ తేడా లేదు.

ఆ ఏడు చలికాలంలో ఏడీగారు ఒక సదస్సులో ఈ కేసు మీద పత్రం చదివి జ్ఞాపిక అందుకున్నారు. కోటయ్య తన ఫోన్‌తో తీసి ఆయనకు పంపిన ఫోటో అందులో వేశారు. గోనెపట్టా మీద కుక్క, ఛాతీ కింద పట్టీ, పట్టీ పట్టుకున్న ఒక చెయ్యి. చెయ్యి నాదే, మణికట్టు పైన ఫోటో కత్తిరించారు. కింద, జారని ఉపరితలంతో కూడిన శస్త్రచికిత్సానంతర ఫిజియోథెరపీ అని రాశారు. దబ్బనంతో కుట్టిన నా పట్టాకు అంత పేరుందని నాకు అప్పుడే తెలిసింది.

ఈ కేసులో నేను నేర్చుకున్నవి రెండు. పెద్ద కుక్కకు కాలు తీసేముందు, ఇంటికి వెళ్లాక అది ఏ నేల మీద నడవాలో యజమానిని అడగాలి. గోనె పరవమని చెప్పేవాడు దేని గోనో కూడా చెప్పాలి. ఇవి కొత్తగా చేరేవాళ్లకు పాఠంగా పెట్టమని పై ఆఫీసుకు రాశాను. జవాబు లేదు.

మెమో విషయమై ఇప్పటికి ఏడుసార్లు రాశాను. పరిశీలనలో ఉందని ఒకసారి చెప్పారు, మిగతా ఆరుసార్లు అదీ చెప్పలేదు. నా ప్రశ్న చిన్నది. బియ్యపు గోనెలు కుట్టి నేల మీద పరవడం వైద్యమా, కాదా? వైద్యమైతే, అది చేసినవాడి పేరు ఆ పత్రంలో రాయాలి. వైద్యం కాకపోతే, హోదాకు మించి వైద్యం చేశానన్న మెమోను నా సర్వీసు రిజిస్టరులోంచి తీసేయాలి. ఏడీగారు ఇప్పుడు చాలా పై హోదాలో ఉన్నారు, జవాబు చెప్పడానికి ఆయనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆయనైనా సరే, ఆయన కింద ఉన్నవారైనా సరే, అవుననో కాదనో ఒక్క మాట, కాయితం మీద, సంతకంతో పంపాలి.