నవ్వు మొగం

మా అమ్మ పై పెదవి పొట్టిది. అంతే. ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. పళ్ళు ఎత్తుగా ఉండేవి కావు, వంకరా లేదు. కానీ ఆ పెదవి వాటిని పూర్తిగా మూసేది కాదు. దాంతో ఊరికే కూర్చున్నా, పప్పు రుబ్బుతున్నా, చివరికి నిద్రపోతున్నా ఆమె నవ్వుతున్నట్టే కనిపించేది. కొందరికి పుట్టుకతో బుగ్గ మీద మచ్చ ఉంటుంది, మా అమ్మకు నవ్వు ఉండేది. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి బ్రతుకు బుగ్గిపాలవుతుందంటే మీరు నమ్మరు. కళ్ళారా చూడకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు.

మాది హిందూపురం. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి. నాయనకు బజారులో చింతపండు వ్యాపారం. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నాయన తమ్ముడైన మా చిన్నాయన, నేను. అమ్మ పుట్టిల్లు ధర్మవరం. ఆమెను కోరి తెచ్చుకున్నది అవ్వే. పెళ్ళిచూపుల్లో ఆ ముఖం చూసి, ఇంక వేరే ఏ పిల్లనూ చూసే పని లేదని అక్కడే కూర్చుందట. అమ్మ కాపురానికి వచ్చిన ఏడాదే వ్యాపారం పుంజుకుంది. ఇక అవ్వను పట్టడం ఎవరి తరం? ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అదే పాట.

"మా కోడలిది నవ్వు మొగమమ్మా. పొద్దున లేస్తానే దాని మొగం చూస్తే చాలు, ఆ పొద్దంతా మంచే జరుగుతాది."

నాయన అంగడికి బయలుదేరేటప్పుడు అమ్మను ఎదురు రమ్మని అవ్వే పురమాయించేది. ఎండాకాలంలో మేమంతా వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీసేవాళ్ళం. మధ్యమధ్యలో ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఆ పులుపుకు అందరి ముఖాలూ ముడుచుకుపోయేవి. అమ్మ ఒక్కతే నవ్వుతూ ఉండేది. "దీనికి పులుపు కూడా తీపేనే!" అని అవ్వ మురిసిపోయేది. అవ్వ ఆ మాటన్నప్పుడు నిజంగానే నవ్వే అమ్మను నేను చూశాను. ఆ రెండు నవ్వులకూ తేడా ఉండేది. అసలు నవ్వయితే కళ్ళు చిన్నవయ్యేవి. మా ఇంట్లో అందరికీ ఆ తేడా తెలుసు. అవ్వకు ఇంకా బాగా తెలుసు.

చిన్నాయనకు పెనుకొండలో ఒక పిల్లను చూడడానికి రమ్మని కబురొచ్చింది. ఆ పొద్దు ఆయన అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు. క్రాపు దువ్వుతాడు, చెరుపుతాడు, మళ్ళీ దువ్వుతాడు. రైలుకు వేళయిందని అవ్వ అరుస్తూనే ఉంది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"ఇంక పో మరిదీ, పో! ఆ పిల్ల చూసేది నిన్నా, నీ క్రాపునా?"

"పోతాండా వదినా, పోతాండా. నువ్వు తరమాల్సిన పని లేదులే."

అందరం నవ్వాం. అవ్వయితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. మా వైపు ఎవరైనా బయలుదేరేటప్పుడు 'పో' అనకూడదు, 'పోయిరా' అనాలి. ఆ సంగతి అమ్మకు తెలియక కాదు. వదినా మరుదులు ఎగతాళి పట్టుకునేటప్పుడు అక్షరాలు ఎవరు లెక్కపెడతారు? ఆ పొద్దు ఎవరూ లెక్కపెట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు పెనుకొండ స్టేషన్లో ఆయన చేరేసరికే రైలు కదిలింది. పరుగెత్తి ఎక్కబోయి కాలు జారాడు. అంతే, ఇంటికి శవం వచ్చింది. పిల్ల నచ్చిందన్న సంగతి కూడా ఆ తర్వాత ఎవరో చెబితేనే మాకు తెలిసింది.

ఇల్లు జనంతో నిండిపోయింది. అవ్వ కొడుకు కాళ్ళ దగ్గర గుడ్డల మూటలాగా పడి ఉంది, నేను ఆమె పక్కనే ఉన్నాను. అమ్మ గోడకు చేరబడి ఏడుస్తోంది. మామూలు ఏడుపు కాదది, గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. ఎక్కిళ్ళు వచ్చినప్పుడల్లా ఆ పెదవి ఇంకా పైకి లేచి పళ్ళన్నీ కనబడుతున్నాయి. ఎదురింటామె అప్పుడే లోపలికొచ్చింది. ఆమె మా వీధికి కొత్త. చెడ్డ మనిషి అని నేను అనను. పక్కామె చెవిలో అడిగింది.

"అదేందే, పెద్దకోడలు నవ్వుతాండాది?"

చెవిలో అడిగిన మాటే గానీ అవ్వకు వినపడింది. తల ఎత్తి అమ్మ వైపు చూసింది. తాను ఏరి కోరి తెచ్చుకున్న ముఖాన్ని, ఊరంతా చాటింపు వేసిన ముఖాన్ని, అంతవరకూ ఎప్పుడూ చూడనిదాన్ని చూసినట్టు చూసింది. ఆ చూపుకు నాకు అప్పుడే భయమేసింది.

కర్మలు ముగియకముందే మాట బయటికొచ్చింది. వచ్చిపోయే వాళ్ళు అయ్యో ఎట్ల జరిగిందమ్మా అని అడిగితే, అవ్వ రైలు సంగతి ఎత్తేది కాదు. రెండే ముక్కలు చెప్పేది. "పొమ్మనె. పోయినాడు."

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మా ఇంట్లో కీడెంచడం వరకే అయింది, మేలెంచే వంతు రానేలేదు. రోలు దగ్గర అమ్మకు కూనిరాగం తీసే అలవాటు. అదిప్పుడు మరిది చచ్చిన సంబరమయింది. నాయన తిట్టి తిట్టి రెండు ముద్దలు తినిపిస్తే, ఆకలి ఎట్లా అవుతుందో ఈ తల్లికి అన్నారు. తినడం మానేస్తే నాటకాలన్నారు. పాతవి కూడా తవ్వుకొచ్చారు. పోయిన ఏడాది చిన్నాయనకు జ్వరమొస్తే అమ్మ రాత్రింబవళ్ళు కూర్చుని గంజి పోసింది. ఆ గంజిలో ఏముండిందో ఎవరికి తెలుసు అని కూడా ఆ ఇంట్లో నా చెవులతో విన్నాను. ఆ నోళ్ళు పడిపోను!

నాయన ఒకసారి ధైర్యం చేశాడు.

"అమ్మా, దాని మొగమే అంత గదమ్మా. నువ్వే గదా చూసి తెచ్చినావు?"

"అవునప్పా," అంది అవ్వ నిదానంగా. "మొగం మొదట్నుంచీ అంతే. నాకు తెలిసిందే ఇప్పుడు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మొగోణ్ణి నమ్మగూడదని పెద్దోళ్ళు ఊరికే అనలా."

నాయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఇక మీదట అంగడికి పోయేటప్పుడు అమ్మ ఎదురు రాకూడదని ఆ పొద్దే కట్టడి పెట్టింది అవ్వ.

అయినా నాయన ఉన్నాడు కదా అనుకునేది అమ్మ. ఆ ఒక్క ఆశ మీద బండి లాగింది. ఆ ఏడు అకాలంలో వాన కురిసి చింతపండు మూటలు తడిసిపోయాయి. సాయంత్రం నాయన తలంతా మట్టి, చేతులంతా జిగురుతో ఇంటికొచ్చాడు. కాళ్ళకు నీళ్ళిద్దామని అమ్మ చెంబుతో గడపలోకి వచ్చింది. నాయన ఆమె ముఖంలోకి చూసి కస్సుమన్నాడు.

"ఏమి నవ్వుతాండావు?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నేను చూశాను, ఆయన ముఖం పాలిపోయింది. కానీ నరం లేని నాలుక, జారిన మాటను వెనక్కి లాక్కోగలదా? అమ్మ చెంబు కింద పెట్టింది. "నవ్వలా" అంది. ఆ ఒక్క మాటే అని లోపలికి పోయింది. ఊరంతా అన్నప్పుడు కూడా ఆమె నడుం అట్లా విరగలేదు.

మర్నాటి నుంచి అమ్మ నోటికి కొంగు అడ్డం వచ్చింది. రెండు చేతులకూ పని ఉన్నప్పుడు కొంగు చివర పళ్ళతో కరిచి పట్టుకునేది. నాతో మాట్లాడేటప్పుడు కూడా తీసేది కాదు. మాటలు గుడ్డలోంచి వస్తున్నట్టుండేవి, క్రమంగా అవీ తగ్గిపోయాయి. ఇప్పుడైనా అవ్వ శాంతిస్తుందేమోనని నేను ఆశపడ్డాను. ఎంత పిచ్చిదాన్ని!

"చూడండమ్మా," అంది అవ్వ వచ్చిన వాళ్ళతో. "మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోని లోపల్లోపల నవ్వుకుంటాండాది. తప్పు చెయ్యనిది ఎందుకు దాచుకుంటాది?"

మూయకపోతే ఒక తప్పు, మూస్తే అంతకంటే పెద్ద తప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి నడుమ మా అమ్మ పొయ్యి ముట్టించింది, అంట్లు తోమింది, మా అందరికీ వడ్డించింది.

అవ్వను ఎంత తిట్టుకున్నానో! కానీ ఒక మధ్యాహ్నం చిన్నాయన దువ్వెన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్న అవ్వను చూశాను. పళ్ళ సందుల్లో ఆయన వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? రైలును ఎన్నాళ్ళని తిడుతుంది? రైలుకు ముఖం ఉండదు కదా. తిట్టడానికి ఒక ముఖం కావాలి, అది ఇంట్లోనే ఉంది.

నేను పెద్దమనిషినైన ఏడాది ఎండాకాలంలో నాయన మమ్మల్ని ధర్మవరం పంపించాడు. నాలుగు రోజులు పుట్టింట్లో ఉంటే మనిషి తేరుకుంటుందని ఆయన ఆలోచన. అమ్మ పుట్టింటి వీధి పొడుగునా మగ్గాలే. మేము వీధి మొదట్లో అడుగుపెట్టామో లేదో, అరుగు మీద పట్టునూలు చుడుతున్న ఒక ముసలామె రాట్నం ఆపి లేచింది. అమ్మను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి.

"వచ్చినావామ్మా, నా నవ్వు మొగమా! నిన్ను చూసి ఎన్నాళ్ళాయెనే!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిలుపు అమ్మకు ఆ వీధిలో ముద్దు పేరు. ఇంక ఇక్కడ కొంగు తీసేస్తుంది అనుకున్నాను. తీయలేదు. నా చేయి పట్టుకుని గబగబా నడిపించి, ఇంట్లోకి వచ్చి మూలకు కూలబడింది.

"విన్నావా? ఈడికి గూడా తెలిసిపోయినాది" అంది.

"లేదమ్మా, ఆమె ప్రేమగా పిలిచింది. చేతులు చాపింది, నువ్వు చూడలా?"

"నీకు తెలీదు, ఊరుకో. ఎత్తి పొడిచింది. ఎట్ల పొడిచిందో నాకు తెలుసు."

ఎంత చెప్పినా వినలేదు. ఆ ముసలామె సాయంత్రం ఒక గిన్నెలో పాయసం తెచ్చి గుమ్మంలో నిలబడి పిలిస్తే, బయటికి రాలేదు. మరుసటి పొద్దున్నే హిందూపురం రైలెక్కాం. తనను ప్రేమగా పిలిచిన వీధిని వదిలేసి, తిట్టే ఇంటికి పరుగెత్తింది మా అమ్మ. రైలు పెనుకొండలో ఆగినప్పుడు కొంగు కళ్ళ దాకా లాక్కుంది. అవ్వ బయటి నుంచి అన్న మాట ఇప్పుడు అమ్మ లోపల కాపురం పెట్టిందని నాకు ఆ రైలు పెట్టెలో కూర్చునే అర్థమయింది. బయటి వాళ్ళతోనైతే పోట్లాడొచ్చు. లోపలున్న దానితో ఎవరు పోట్లాడాలి?

ఆ తర్వాత కొన్నేళ్ళకు అవ్వ మంచం పట్టింది. ఎత్తిందీ దించిందీ, ఒళ్ళు తుడిచిందీ అన్నీ అమ్మే. చివరి పొద్దు అమ్మ చెంచాతో నీళ్ళు పోయబోతే అవ్వ ముఖం గోడ వైపు తిప్పుకుంది. "ఇప్పుడన్నా నవ్వొద్దే" అంది. అవే ఆమె చివరి మాటలు. అనే మనిషి పోయింది కదా, ఇంకనైనా కొంగు తీస్తుందని మళ్ళీ ఆశపడ్డాను. అమ్మ తీయలేదు.

అరవైల చివరలో నేను తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. దాని పై పెదవి పొట్టిది.

నాది నాయన పోలిక. నాకు రానిది నా బిడ్డకు వచ్చిందని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ "ఎంత నవ్వు మొగమమ్మా!" అనేవాళ్ళే. ఆ మాట వినబడినప్పుడల్లా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మూడో నెలలో అమ్మ బిడ్డకు నీళ్ళు పోస్తోంది. ఎప్పట్లాగే పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుంది. ఆముదం రాసి చేతులూ కాళ్ళూ సాగదీసింది. తల గుండ్రంగా రావాలని ఒత్తింది, ముక్కు కొనదేరాలని దిద్దింది. అన్ని ఇళ్ళల్లోనూ చేసేదే. ముక్కు అయ్యాక అమ్మ వేలు కిందికి దిగి పై పెదవి మీద ఆగింది. పెదవిని పట్టుకుని కిందికి లాగి, పళ్ళింకా రాని చిగుళ్ళ మీద అదిమి పెట్టింది. వదిలింది. మళ్ళీ అదిమింది. పుట్టినప్పటి నుంచీ రోజూ చేస్తోందని ఆ పని చూస్తేనే తెలుస్తోంది.

"ఏమి చేస్తాండావమ్మా?"

"ఇప్పుడైతే లేతగా ఉంటాది. అణిగితే అణుగుతాది. దీనికన్నా మూసుకోనీ."

బిడ్డకు అది ఆటగా తోచింది. మా అమ్మ ముఖంలోకి చూసి బోసినోటితో కిలకిలా నవ్వింది. అమ్మ చటుక్కున వేలు తీసేసింది. "వద్దు తల్లీ, నవ్వొద్దు, నవ్వొద్దు" అంటూ, తన నోటి మీది కొంగు లాగి బిడ్డ నోటి మీద కప్పింది.

అన్నేళ్ళకు పట్టపగలు మా అమ్మ ముఖం పూర్తిగా చూశాను. పళ్ళు కనబడుతున్నాయి, చెంపల మీద తడి ఉంది, అది నీళ్ళ ఆవిరో కన్నీళ్ళో. కళ్ళు చిన్నవయ్యాయా అని వెతికాను. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కూడా తెలియలేదు.