మీ సీటు రద్దవుతోంది

అమీర్‌పేటలో మెయిళ్లు రాసే ఉద్యోగం అంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. కంప్యూటర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త బ్యాచ్‌కు జనాన్ని రప్పించడం నా పని. మెట్రో మెట్ల దగ్గర కరపత్రాలు పంచేవాళ్లకూ నాకూ తేడా ఒక్కటే, నాకు కుర్చీ ఉండేది.

మొదట్లో బుద్ధిగా రాశాను. ఏం నేర్పుతామో, ఎవరు చెబుతారో, ఎన్ని వారాలో. ఒక్కరూ తెరిచి చూసేవారు కాదు. మా సార్ కోస్తా మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. "ఏంటమ్మా ఇది, పాఠ్యపుస్తకం పంపుతున్నావా? కాస్త భయం పెట్టు. భయపడితేనే చదువుతారు," అన్నారు.

భయం పెట్టాను. "మీ సీటు రద్దవుతోంది" అని పైన పెట్టి, ఈ రోజే ఫోన్ చేసి ఖాయం చేసుకోమని లోపల రాశాను. నిజానికి సీట్లకు కొదవేం లేదు. ఒక్క పూటలో ఫోన్లు మోగిపోయాయి. సార్ అందరికీ చాయ్ తెప్పించారు. నేను గాల్లో తేలిపోయాను, ఆ మాట దాచను.

మా దగ్గర ఎవరైనా ముందు ఉచితంగా డెమో క్లాసులు వింటారు. అక్కడి రిజిస్టర్‌లో పేరూ మెయిల్ ఐడీ రాస్తారు. తర్వాత చేరినవాళ్ల పేర్లు అందులోంచి ఎవరూ కొట్టేయరు. నేనూ కొట్టేయలేదు, రిజిస్టర్ మొత్తానికీ పంపేశాను. అప్పటికే చదువుతున్నవాళ్లు కొందరు వచ్చి గొడవ పెట్టుకుంటే పొరపాటని నవ్వి పంపించాను. రానివాళ్ల సంగతి నాకు తట్టలేదు.

మెయిల్ పంపిన నాలుగో రోజు ఉదయం పదిన్నరకు, పాఠం చెప్పే మేడమ్ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఆ రోజు బేగంపేటలో ఒక కంపెనీ ఇంటర్వ్యూ ఉంది. పిలుపు వచ్చినవాళ్లలో ఒకావిడ జాడ లేదు. పంజాగుట్టలో బ్లౌజులు కుడుతూ చదువుకుంటోంది, బ్యాచ్‌లో అందరికన్నా చురుకైన మనిషి. నాలుగు రోజులుగా క్లాసుకు రాలేదు, ఇంటర్వ్యూ కబురు పెట్టిన వాట్సాప్ గ్రూపులోంచి కూడా అంతకుముందే వెళ్లిపోయింది. పన్నెండు దాటితే కంపెనీవాళ్లు లోపలికి రానివ్వరు.

నాలుగు రోజులు అనగానే రిజిస్టర్ తీసి చూశాను, అందులో ఆమె పేరూ ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్లికేషన్‌లో రాసిన టైలర్ షాపు అడ్రస్ పట్టుకుని మెట్రో ఎక్కాను. ఒక్క స్టేషనే, కానీ దిగాక సందులన్నీ ఒకేలా ఉన్నాయి. రెండు తప్పు షాపులకు పోయి, అసలుది దొరికేసరికి పదకొండుంపావు.

ఆమె మిషన్ మీద పెళ్లి బ్లౌజు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"పెండ్లిళ్ల సీజన్ మేడమ్, మీ మెయిల్ వచ్చే ముందు వారం రెండు దినాలు క్లాసుకు రాలే. అందుకే నా సీటు తీసేసిండ్రనుకున్న. ఇగ గ్రూపుల ఉంటే ఏం బాగుంటదని నేనే బయటికొచ్చిన."

"మిమ్మల్ని ఎవ్వరు తీసెయ్యలే అక్కా. ఆ మెయిల్ నేనే రాసిన. అది అబద్ధం. ఇప్పుడు బేగంపేటల ఇంటర్వ్యూ ఉంది, పన్నెండింటిలోపట పోవాలె, జర జల్ది రండి."

ఆమె కదలలేదు. "అది అబద్ధమైతే గిది నిజమని ఎట్ల నమ్మాలె?"

కోపం రావాల్సింది ఆమెకు, కానీ నాకే వచ్చింది. టైం పోతోంది, ఇప్పుడా ఈ ప్రశ్నలు అని అరవబోయి పళ్లు బిగబట్టుకున్నాను. కంపెనీ పేరు చెప్పి నంబర్ ఇస్తానంటే వద్దంది. తన ఫోన్‌లో తనే వెతికి తీసుకుని డయల్ చేసింది. అవతల ఎవరో ఆగమన్నారు. గోడ గడియారం చూస్తూ నేను చచ్చిపోతున్నాను. ఆమె మాత్రం తన పేరు చెప్పి, ఒకటికి రెండుసార్లు అడిగి, అప్పుడు ఫోన్ పెట్టేసింది.

"ఉన్నదంట," అంది, నాతో కాదు, పక్కన బట్ట కత్తిరిస్తున్న షాపు మాస్టర్‌తో. ఆయన తలూపాడు.

"ఆటోల నేను సుత వస్త అక్కా," అన్నాను.

"మీరుండున్రి మేడమ్. నేను పోత."

సిగ్గుతో ఆ షాపు మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆమె పన్నెండుకు ఐదు నిమిషాల ముందు లోపలికి వెళ్లిందని సాయంత్రం తెలిసింది. వారం తిరక్కుండా ఉద్యోగం కూడా వచ్చింది.

సార్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "ఆవిడ గురించి ఒక మెయిల్ రాయమ్మా," అన్నారు. చెప్పుకోదగ్గ నిజం నా చేతికి రావడం అదే మొదటిసారి. ఒక్క మాట పెంచకుండా రాశాను. పంపేముందు ఆమెకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నది.

"అంత నిజమే రాసిండ్రు మేడమ్. నా పేరు మాత్రం పెట్టకున్రి."

"ఎందుకక్కా?"

"నా పేరు జూస్తే మా దిక్కు ఆడోళ్లు నమ్ముతరు. నమ్మి వచ్చినంక, వాళ్లకు సుత మీరు గసొంటి మెయిలే పంపుతరు."