మూఢంలో విప్పిన లాడాలు

మా ఆయన వాళ్ల నాన్న, అంటే మా మామయ్య దగ్గర ఒక తెల్ల గుర్రం ఉంది. ఆడ గుర్రం. సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికొడుకులను ఊరేగించడం దాని పని. మెడలో పూసల దండలు, వీపు మీద ఎర్ర మఖమల్ గుడ్డ, గిట్టలకు వెండిరంగు పెయింటు. బ్యాండు వాళ్లు దరువు మార్చగానే ముందు కాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి వేస్తుంది. సిమెంటు రోడ్డు మీద ఆ లాడాల చప్పుడు కోసమే కొందరు మా గుర్రాన్ని మాట్లాడుకుంటారు. పెళ్లికొడుకు కారులో వస్తే ఏ కారో వచ్చిందనుకుంటారు, గుర్రం మీద వస్తే వీధంతా తలుపులు తీస్తుంది అంటారు మామయ్య. ఆయన తండ్రి గుంటూరులో జట్కా తోలారు. గుర్రం లేని ఇంట్లో మామయ్య ఎప్పుడూ లేరు.

నేను బడికి వెళ్లింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయంలో. మిర్చి కోతల కాలంలో కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరే పనికి వెళ్తాను. పని లేని రోజుల్లో మధ్యాహ్నం వంట సర్ది లైబ్రరీకి వెళ్లి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. మొదట్లో నవలలు చదివేదాన్ని. అవి అయిపోయాక ఏ బీరువా తాళం తీసి ఉంటే ఆ బీరువా చదివాను. నక్షత్రాల గురించి, తేనెటీగల గురించి, మూత్రపిండాల గురించి ఆ బల్ల దగ్గరే తెలుసుకున్నాను. అవన్నీ ఎందుకు పనికొస్తాయని మా ఆయన అడిగితే, దేనికో ఒకదానికి వస్తాయని చెప్పేదాన్ని.

ఆ ఏడు కార్తీకమాసంలో చివరి పెళ్లి పెదకాకానిలో జరిగింది. తిరిగి వచ్చి ట్రాలీ ఆటోలోంచి దిగేటప్పుడు గుర్రం కుడి ముందుకాలు ఆనించడానికి వెనకాడింది. మర్నాటికి కుంటు స్పష్టంగా కనిపించింది. పశువుల డాక్టరు గారు వచ్చి నొప్పికి ఇంజెక్షను ఇచ్చి, లాడాలు బాగా పాతబడ్డాయని, ముందు అవి తీయించి చూడాలని చెప్పి వెళ్లారు. ఆయన మోటారు సైకిలు సందు మలుపు తిరగగానే మామయ్య తల అడ్డంగా ఊపారు. ఎందుకంటే అప్పటికే మూఢం పట్టింది.

శుక్రుడు కనపడని ఆ రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. మా వైపు పెళ్లి గుర్రాలు పెట్టుకున్న వాళ్లకు లాడాల పని కూడా ఉండదు. సీజనులో మొదటి ముహూర్తానికి ముందు మంచిరోజు చూసి, గిట్టలకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి కొత్త లాడాలు వేయిస్తారు. మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేదాకా వాటిని ముట్టుకోరు. శ్రావణంలో వేసిన లాడాలు మూఢం దాటేదాకా అలాగే ఉంటాయి. మధ్యలో ఒకటి ఊడితే దాన్నే సరిచేసి మళ్లీ కొడతారు. మామయ్య తండ్రి కూడా అలాగే చేసేవారట. జట్కా గుర్రం రోజూ తిరిగేది కాబట్టి దాని లాడాలు వాటంతటవే అరిగిపోయి మారేవని మామయ్యకు గానీ నాకు గానీ అప్పటికి తట్టలేదు.

కుంటు తగ్గలేదు. ఆ వారంలోనే వాడరేవు నుంచి ఒక బేరగాడు వచ్చాడు. సముద్రం ఒడ్డున పిల్లలను ఎక్కించుకుని తిప్పే గుర్రాలు అతనివి. ఇసుకలో కుంటి గుర్రమైనా పర్వాలేదన్నాడు. మామయ్య అతనికి మజ్జిగ ఇచ్చి, ముహూర్తాలు మొదలయ్యేలోగా చెబుతానని పంపించారు. ఆ సాయంత్రం దాణా బుట్ట ముందు నిలబడి నాతో అన్నారు:

"అది సరిగ్గా నడవకపోతే ఇచ్చేస్తానమ్మా. ఇంకో గుర్రాన్ని తెచ్చి నేర్పే ఓపిక నాకు లేదు."

వాడరేవు గుర్రాలను నేనొకసారి చూశాను. ఎండలో, ఉప్పుగాలిలో, తలలు వేలాడేసుకుని తిరుగుతుంటాయి. మా గుర్రం అక్కడికి వెళ్తే, పొద్దున లేవగానే మామయ్య ఎక్కడికి వెళ్తారో నాకు అర్థం కాలేదు. ఆయన లేచి ముఖం కడుక్కునేది దాని పాక దగ్గరే.

మర్నాడు లైబ్రరీలో వ్యవసాయం అని రాసి ఉన్న బీరువా తీయించాను. పాడి గేదెల పుస్తకాలు, కోళ్ల పెంపకం, వాటి వెనక అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి. గుర్రాల గురించే. గిట్టల మీద ఒక అధ్యాయం పూర్తిగా ఉంది, బొమ్మలతో సహా. పక్కన నిఘంటువు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. కొన్ని పేజీలు ఒక మధ్యాహ్నమంతా పట్టాయి. గిట్ట అడుగున మూడు మూలలుగా, రబ్బరులా ఉండే భాగానికి ఇంగ్లీషులో కప్ప పేరే పెట్టారు. ఎందుకో ఆ పుస్తకంలో లేదు, నిఘంటువులోనూ లేదు. కానీ గుర్రం అడుగు వేసినప్పుడల్లా మడమ వైపు గిట్ట కొంచెం విచ్చుకుంటుందని, అందుకే మేకులు ముందు భాగంలోనే ఉండాలని, వెనక భాగాన్ని కదలనివ్వాలని చదివినప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అంత గట్టి గిట్ట విచ్చుకుంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

అసలు సంగతి తర్వాతి పేజీలో దొరికింది. గిట్ట మన గోరులా పెరుగుతూనే ఉంటుంది. పైనుంచి కిందకు, కిందకు వచ్చేకొద్దీ ముందుకు. లాడం దానికి మేకులతో అంటుకుని ఉంటుంది కాబట్టి అదీ ముందుకు జరుగుతుంది. నెలన్నర, రెండు నెలలు దాటితే మడమను మోయాల్సిన లాడం చివర్లు మడమ కిందనుంచి తప్పుకుని, లోపలి మెత్తటి చోట గుచ్చుకుంటాయి. కొనవైపు పొడుగు, మడమ వైపు ఆధారం సున్నా. మడమలు అణగిపోయిన పాత చెప్పుతో నడిచినట్టు.

ఇంటికి వచ్చి గుడ్డకు కిరసనాయిలు పట్టించి గిట్టల మీది వెండిరంగు తుడిచాను. సీజనంతా ఒకదాని మీద ఒకటి వేసిన పెయింటు అది. దాని కింద గిట్ట చుట్టూ గాజుల్లాంటి గీతలు, కొన వైపు సన్నటి పగులు. మామయ్య కాలు ఎత్తి పట్టుకున్నారు. లాడం చివర బొమ్మలో చూపించిన చోటే ఉంది, మడమకు లోపలగా, గిట్టలోకి దిగబడి. నేను వేలితో చూపించాను. ఆయన చాలాసేపు చూసి కాలు మెల్లగా దించారు.

"నిజమేనమ్మా. అయినా మూఢంలో లాడం కొట్టరు."

ఈ మాటకు నేను లైబ్రరీ నుంచి నడిచి వచ్చేటప్పుడే జవాబు ఆలోచించుకున్నాను. "మూఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు మామయ్యా. ఉన్నది విప్పెయ్యకూడదని ఎవరన్నా చెప్పారా?"

ఆయన గుర్రం మెడ నిమురుతూ ఆలోచించారు. కొట్టడం వేరు, తీయడం వేరు. తీసేస్తే అది మొదలుపెట్టడం కాదు. పంతులు గారిని ఒక మాట అడగమంటారా అన్నాను.

"అడక్కు," అన్నారు. "అడిగితే ఆయన పంచాంగం తీస్తారు."

లాడాలు కొట్టే ఆయన మామయ్య ఈడువాడే. ఎక్కువగా ఎద్దులకు కొడతాడు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు రేకులు. తాళ్లు వేసి పడగొట్టి, నాలుగు కాళ్లూ కట్టి కొట్టేస్తాడు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి. మా చుట్టుపక్కల గుర్రాలకు లాడాలు కొట్టేది కూడా ఆయనే, వేరే ఎవరూ లేరు. మామయ్య కబురు చేస్తే మూఢంలో పిలుపేమిటని నవ్వుకుంటూ వచ్చాడు. సంగతి విని నా వైపు ఒకసారి చూసి మామయ్యతో అన్నాడు.

"ఏం బావా, మీ కోడలు గుర్రానికి కూడా లైబ్రరీ కార్డు తీయించిందా?"

"తీయించింది. నీకూ తీయిస్తుంది గానీ, ముందు కాలు పట్టు," అన్నారు మామయ్య.

మేకుల వంపులు ఉలితో విప్పి, పటకారుతో లాడం వదులు చేసి లాగాడు. కుడి ముందుకాలి మడమ లోపల, లాడం చివర ఆనిన చోట, ముదురు ఎరుపు మచ్చ ఉంది. దెబ్బ తగిలిన గోరు కింద రక్తం గట్టినట్టు. ఆయన బొటనవేలితో నొక్కగానే గుర్రం కాలు లాక్కుంది.

"ఇది నా లాడం చేసిన పని కాదు. ఇన్నాళ్లు ఉంచబట్టి," అన్నాడు.

"ఉంచొద్దని నువ్వు చెప్పలేదుగా."

"నువ్వు పిలవలేదుగా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆ మాట అక్కడితో వదిలేశారు. నాలుగు లాడాలూ తీయించి, పొడుగైన కొనలు ఆకురాయితో రాయించాం. డాక్టరు గారు మళ్లీ వచ్చి మచ్చ ఉన్న చోటు శుభ్రం చేసి మందు పెట్టారు, గట్టి నేల మీద నడిపించవద్దన్నారు.

ఆ మూఢమంతా గుర్రం ఒట్టికాళ్లతో ఉంది. పాక ముందు సిమెంటు గచ్చు మీద వరిగడ్డి పరిచాం. సాయంత్రాలు పత్తిచేల గట్ల మీద మామయ్య మెల్లగా నడిపించేవారు. పత్తితీతకు వచ్చిన ఆడవాళ్లు, పెళ్లికూతురు కాళ్లకు పసుపు ఏదని ఆయన్ని ఆటపట్టించేవారు. ఇంటికి రాగానే గిట్టల్లో ఇరుక్కున్న నల్లమట్టి నేను తీసేదాన్ని. ఇదివరకు ఆ పని వారానికోసారి జరిగితే గొప్ప. గుర్రం కుంటితే, నొప్పి ఉన్న ముందుకాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుందని పుస్తకంలో ఉంది. అందుకని నేను కాళ్లు కాకుండా తల చూసేదాన్ని. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయేనాటికి ఆ తల ఊపు సన్నబడింది. పూర్తిగా పోలేదు.

అప్పుడే పక్క పాలెం చర్చి పెద్దలు వచ్చారు. పాస్టరు గారి అబ్బాయి పెళ్లి. వాళ్లకు మూఢంతో పని లేదు. బ్యాండు కుదిరింది, గుర్రం కావాలన్నారు. మామయ్య ముఖం వెలిగింది. వాళ్లను కూర్చోబెట్టి లోపలికి వచ్చి, నా వాదాన్నే నాకు తిప్పి చెప్పారు. పెళ్లివాళ్లకే మూఢం లేనప్పుడు ఆ పెళ్లికి కొట్టే లాడాలకు మాత్రం ఎందుకుంటుందని. ఆయన తెలివికి నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. లాడం కొట్టవచ్చు గానీ మడమ ఇంకా కింద దాకా పెరగలేదని, ఆ కాలితో సిమెంటు రోడ్డు మీద దరువు వేయిస్తే మొదటికి వస్తుందని చెప్పాను. ఆయన పాకలోకి వెళ్లి దాన్ని అటూ ఇటూ నడిపించి చూసుకున్నారు. తిరిగి వచ్చి చర్చి పెద్దలతో, కాలు బాగా లేదండి, ఏమనుకోకండి అన్నారు. పెళ్లికొడుకుకు పట్టే జరీ గొడుగు మాత్రం ఊరికే ఇచ్చి పంపారు. ఆ పెళ్లిరోజు బ్యాండు చప్పుడు మా ఇంటిదాకా వినపడింది. పాకలో గుర్రం ముందుకాళ్లు ఎత్తి వేస్తుంటే మామయ్య దాని చెవుల మీద చేతులు కప్పి నిలబడ్డారు.

మూఢం వెళ్లాక మంచిరోజు చూసి లాడాల ఆయన్ని పిలిచాం. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు, గాలి పీలిస్తే తుమ్ములు. నేను లైబ్రరీ పుస్తకం తెచ్చి పీట మీద తెరిచి పెట్టాను. ఈసారి ఆయన వెటకారం చేయలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. లాడం చివర్లు మడమ అంచుదాకా ఉండాలని నేను. అంత పొడుగుంటే వెనక కాలు వచ్చి ముందు లాడాన్ని తొక్కి పీకేస్తుందని, అందుకే పొట్టిగా కోస్తానని ఆయన. అది నిజమే. ఎన్నో గుర్రాలకు అలా ఊడటం ఆయన చూశాడు. నేను పేజీ తిప్పాను. లాడం ముందు అంచును ఆకురాయితో కొంచెం గుండ్రంగా రాస్తే ముందుకాలు త్వరగా లేస్తుందని, వెనక కాలికి అందదని అక్కడ ఉంది. ఆయన బొమ్మ దగ్గర వంగి, రాయడం కష్టమేమీ కాదన్నాడు. ఇక మేకులు. బొమ్మలో ఎనిమిది ఉన్నాయి, ఎనిమిదే కొట్టమన్నాను.

"ఆ గుర్రాన్ని చూడమ్మాయ్," అన్నాడు బొమ్మ మీద వేలు పెట్టి. "దాని కాలు మా ఎద్దు నడుమంత ఉంది. మన దాని గిట్ట అంచు పల్చన. ఆరు చాలు."

చూశాను. నిజంగానే అది కాళ్లకు జూలు ఉన్న, దుక్కి దున్నే గుర్రం. ఆరుకు ఒప్పుకున్నాను.

అప్పటిదాకా లాడం చల్లగానే పెట్టి, అది సరిపోకపోతే గిట్టనే రాసి సరిపెట్టేవాడు. ఈసారి కొలిమి రాజేసి, గిట్ట ఎలా ఉందో లాడాన్ని అలా వంచాడు. పెట్టి చూసి, తీసి, మళ్లీ కాల్చి వంచాడు. మేకులు గిట్ట అడుగున కనపడే తెల్లటి గీతకు బయటే దిగాలని నేను చెప్పబోతుంటే, అది తెలుసులే అన్నాడు. చివర వెండిరంగు డబ్బా తెచ్చిన మామయ్యను ఇద్దరం ఒక్కసారే వద్దన్నాం. ఈ ఏటి నుంచి పసుపు మాత్రమే.

మొదటి పెళ్లి సత్తెనపల్లిలోనే. నేను ఆడవాళ్లతో కలిసి గుర్రం వెనకే నడిచాను. బ్యాండు హోరులో లాడాల చప్పుడు తెలియలేదు. నేను దాని తల వైపే చూస్తూ నడిచాను. తల ఊపు లేదు. రోడ్డు మలుపులో బ్యాండు వాళ్లు పాట మార్చడానికి ఆగారు. మామయ్య జేబులో ఫోను మోగింది. ఆయన మాటల్ని బట్టి వాడరేవు బేరగాడని తెలిసింది. గుర్రం సంగతి ఏం చేశారని అడుగుతున్నాడు.

"నువ్వే విను," అన్నారు మామయ్య. ఫోను ఉన్న చెయ్యి రోడ్డు వైపు చాచి, కళ్లెం పట్టుకుని నడిపించారు. బ్యాండు లేదు. పెళ్లికొడుకు కిందకు వంగి ఏమైందని అడుగుతున్నాడు. నాలుగు కాళ్లూ ఒకే బరువుతో, ఒకే ఎడంతో సిమెంటు మీద పడుతున్నాయి. కాసేపటికి ఆయన ఫోను జేబులో వేసుకున్నారు. అవతల అతను ఏమన్నాడో నాకు తెలియదు, మామయ్య చెప్పలేదు.

ఆ సీజను మధ్యలో, పెళ్లిళ్లు జోరుగా ఉండగానే, లాడాల ఆయన్ని మామయ్యే పిలిచారు. ముహూర్తమూ చూడలేదు, కొబ్బరికాయా కొట్టలేదు. గిట్ట పెరిగిందా లేదా అని మాత్రం పొద్దున్నే కాలెత్తి చూసుకున్నారు.