ఖాళీ హాల్లో ఈల

నేను కరెంటు పని చేసేవాణ్ని. కంటికి కనిపించకుండా మనిషిని చంపేది కరెంటు ఒక్కటే అని నమ్మినవాణ్ని. క్యాంపులో ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే దుప్పటి కప్పుకుని నవ్వుకునేవాణ్ని. కాబట్టి ఇది మీరు నమ్మకపోయినా నాకు కోపం రాదు.

అప్పుడు సౌదీలో, ధహ్రాన్‌లో విదేశీ కుటుంబాలు ఉండే ఒక కాంపౌండ్‌లో మెయింటెనెన్స్ చేసేవాణ్ని. అక్కడి హాల్లో ఒక ఇంగ్లండ్ మేడమ్ పిల్లలతో నాటకాలు ఆడించేది. ఇంజినీరు గారి భార్య, పెళ్లికి ముందు నటి. నటి అంటే కార్లు, మేకప్పులు అనుకున్నాను. కానీ ఆమె పదిహేడేళ్లకు సముద్రం పక్క ఊళ్లో ఒక చిన్న నాటకశాలలో చేరితే మొదట చేతికిచ్చింది చీపురట. స్టేజి ఊడవడం, టీ కాయడం, చిరిగిన బట్టలు కుట్టడం. ఎప్పుడైనా వేషం దొరికితే ఒకే ఒక్క మాట. మా హెల్పర్ల బతుకే కదా అనిపించి ఆమె అంటే అభిమానం పుట్టింది.

ఒకరోజు నిచ్చెన మీద ఈల వేస్తుంటే మేడమ్ మండిపడింది. నాటకశాలలో ఊరికే ఈల వేయకూడదట. వెనకటికి పైన తాళ్లు లాగేవాళ్లు ఓడల్లో పనిచేసి వచ్చినవాళ్లు, ఈలలతోనే సైగలు. తెలియక ఈల వేస్తే ఏ బరువో నెత్తి మీదికి దిగేది. ఆమె చేరినచోట కూడా అలాంటి ముసలాయన ఉండేవాడట. ఆయన ఈల నాకూ నేర్పింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. పైనుంచి బరువొస్తోంది, తప్పుకో అని అర్థం. లైట్లు దించేటప్పుడు అదే వాడేవాళ్లం. వినగానే కాళ్లు వాటంతటవే కదిలేవి.

తర్వాత ఫ్యామిలీలను ఉంచుకుంటే తలకింత కట్టాలని సర్కారు లెవీ వేసింది. కుటుంబాలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి, పిల్లలు లేక నాటకాలు ఆగాయి. మేడమ్ కూడా ఇంగ్లండ్ వెళ్లింది. సౌదీవాళ్లకు తగినన్ని ఉద్యోగాలు ఇవ్వలేదని మా కంపెనీ నితాఖత్ లెక్కలో రెడ్‌లో పడి, అక్కడ ఉండటానికి కావలసిన నా ఇకామా కార్డు రెన్యువల్ ఆగింది. వేరే కంపెనీ తీసుకుంటానంది కానీ, హాల్లో లైట్లన్నీ విప్పి అప్పగిస్తేనే వదులుతామని మావాళ్లు పట్టుబట్టారు. ఈలోగా దెబ్బ తగిలి మంచాన పడితే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడమే. ఊళ్లో బోరు ఎండిపోయింది, పోయి చేసేదేమీ లేదు.

మనుషులు తగ్గారు కాబట్టి ఒక్కణ్నే పనిలో ఉన్నాను. మధ్యాహ్నం. దుమ్ము వస్తోందని తలుపుకు లోపల గడియ పెట్టాను. స్టేజి మీద కూర్చుని వైర్లు చుడుతుంటే ఈల వినిపించింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఆలోచించలేదు, పక్కకు దూకాను. నేను కూర్చున్న చోట, పైన లైట్లు బిగించిన ఇనప పైపు వచ్చి పడింది.

తాడు చీకిపోయింది, అందులో వింతేమీ లేదు. మరి ఈల ఎవరు వేశారు? హాలంతా వెతికాను. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

మా ఫోర్‌మన్ గంగారామన్నది ఆర్మూర్. గడియ తీసి పిలిస్తే వచ్చి పైపు చూసి నెత్తి పట్టుకున్నాడు.

“పక్కకు జరగకపోతే పీనుగై డబ్బలనే ఇంటికి పోతుంటివి తమ్మీ.”

అప్పుడు వేసింది నాకు భయం, ఆ ఈల నేర్పిన మేడమ్‌కు ఏమైనా అయిందేమోనని. సాయంత్రమే ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది, నిక్షేపంగా ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషు, ఆమెకొచ్చిన హిందీ కలిపి జరిగింది చెప్పాను.

“నీకు ఒకటి చెప్పలేదు,” అంది. “నన్నూ ఒకసారి ఆ ఈలే కాపాడింది. ముసలాయన పోయి అప్పటికే ఏడాది.”

కంపెనీ మారాను. ఇప్పుడు అల్ ఖర్జ్‌లో ఆవుల షెడ్లకు ఫ్యాన్లు బిగిస్తున్నాను. ఆ రోజు ఈల వేసింది ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒక్క పని మాత్రం మానను. కొత్తగా చేరినవాడు ఎవడైనా సరే, నిచ్చెన ఎక్కకముందే వాడికి ఆ ఈల నేర్పుతాను.